128 బైట్ల చీటి

జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు చెందిన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ ప్రభృతులు, మానవకర్ణము గ్రహింపజాలని ధ్వన్యంశములను విసర్జించి, శేషించినదానిని స్వల్పపరిమాణమున నిక్షేపించు ఎంపీ3 విధానమును ఏండ్ల తరబడి శ్రమించి సాధించిరి. నేడు మనమెఱిగిన ఆ పొట్టిపేరును ఫైళ్ళ కొసన తగిలింపవలెనని 1995 జూలైలో నిశ్చయించిరి. శబ్దస్వరూపమును అంత సూక్ష్మముగా శోధించిన ఆ పండితులు, పాట పేరేమి, పాడినవారెవరు అను సామాన్యవిషయమును వ్రాసికొనుటకు మాత్రము తమ విధానమున తావు కల్పింపలేదు. రేడియోలో ఆ పని అనౌన్సరు చేయును గదా యని ఊరకుండిరో యేమో!

ఈ కొఱతను తీర్ప 1996లో ఎరిక్ కెంప్ అను నాతడు చేసిన యుక్తి మిక్కిలి సరళమైనది. శబ్దమంతయు ముగిసిన పిమ్మట, ఫైలు తోకకు సరిగా 128 బైట్ల చీటి నొకదానిని అతికించెను. అందు మొదటి మూడు బైట్లలో ‘ట్యాగ్’ అను మూడు రోమను అక్షరములు, పిదప పాట పేరునకు 30, గాయకునకు 30, ఆల్బమ్‌నకు 30, సంవత్సరమునకు 4, వ్యాఖ్యకు 30, సంగీతశాఖను తెలుపు అంకెకు ఒకటి. చివరనే ఏల యనగా, ఈ చీటి నెఱుగని పాత ప్రోగ్రాములు దానిని శబ్దమని భ్రమించినను, అప్పటికి పాట పూర్తియై యుండును గనుక శ్రోతకు కలుగు బాధ క్షణికము. ఐడీ3 అను పేర ప్రసిద్ధి కెక్కినది ఇదియే. దీని సంగీతశాఖల పట్టికలో బ్లూస్ మొదలుకొని 80 నామములున్నవి కాని కర్ణాటక సంగీతము లేదు. సినిమాపాటకు ‘సౌండ్‌ట్రాక్’ అను 24వ సంఖ్య యైనను దొరకును, త్యాగరాజకృతిని ‘ఇతరములు’ అను 12వ సంఖ్యకు అప్పగింపక తప్పదు.

ఆ 30 బైట్లు ఆంగ్లనామములకే చాలీచాలనివి. తెలుగునకు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్లు కావలెను. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, అన్నియు వేర్వేరు సంకేతములే. ‘పాతాళభైరవి’ దైవవశమున పది సంకేతములతో సరిగా ముప్పదింట ఇమిడిపోవును. ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’ అన్నచో ‘వెం’ వఱకే సాగి, తరువాతి కకారమునకు మూడింట రెండు బైట్లు మాత్రమే మిగులును. ఆ శకలమును చదువజాలక యంత్రము ఏదో వింతగుర్తును నిలిపి చేతులు దులుపుకొనును.

1997లో మైకేల్ ముట్ష్లర్ వ్యాఖ్య గడినుండి చివరి రెండు బైట్లను హరించి, ఒకదానిని సున్నగా నుంచి, రెండవదానిలో పాటయొక్క వరుససంఖ్యను చేర్చెను.

మఱుసటి యేడు మార్టిన్ నిల్సన్ మొదలగువారు నిర్మించిన రెండవ ఐడీ3, పేరున తప్ప, మొదటిదానికి సంబంధించినదే కాదు. ఇంటర్నెట్‌లో పాట ప్రవహించుచుండగానే వినువానికి దాని పేరు ముందే తెలియవలెనని వారు చీటిని తోకనుండి తలకు మార్చిరి. కొలతగల గడులకు మాఱుగా ఎంత పొడవైన పేరునకైనను, అట్టబొమ్మకును, సాహిత్యమునకును చోటొసగు విభాగములను ఏర్పఱచిరి. తలవద్ద నున్న ఈ సమాచారమును ప్లేయరు శబ్దముగా పొరబడకుండుటకై, చీటి పరిమాణమును తెలుపు నాలుగు బైట్లలో ప్రతిదానినుండి ఏడు బిట్లనే వాడిన నేర్పు మెచ్చదగినది. 1999 నాటి 2.3 రూపము తెలుగు మున్నగు లిపులను రెండు బైట్ల యూనికోడ్‌లో వ్రాయనిచ్చెను; 2000 నాటి 2.4 రూపము దానికి యూటీఎఫ్-8ను జోడించెను.

చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది. క్రొత్త చీటి వచ్చినను ప్రాతదానిని ఎవరును ఊడబెఱుకలేదు. అందుచేత ఒకే ఫైలునకు తలవద్ద ఒక పేరు, తోకవద్ద వేఱొక పేరు, నడుమ మఱొక సంప్రదాయమువారు తగిలించిన ‘ఏప్’ అను చీటిలో ఇంకొక పేరు ఉండవచ్చును. కంప్యూటరులో సలక్షణముగా కనబడిన పేరు చేతిలోని ప్లేయరున కెక్కగానే వికృతమగుటకు కారణమిదే: కంప్యూటరు 2.4ను చదివినది, ప్లేయరు దానిని గ్రహింపలేక తోకను ఆశ్రయించినది. కావున పేరును మాటిమాటికి దిద్దుటకంటె, ప్లేయరు చదువుచున్నది ఏ చీటిని అని ముందుగా విచారించుట మేలు. తోకలను తొలగించి, తలచీటిని 2.3 రూపమున, యూటీఎఫ్-16 అను ఆ రెండు బైట్ల యూనికోడ్‌లో తిరిగి వ్రాసినచో పెక్కు ప్లేయర్లు శాంతించును.

మన సినిమా ఆల్బమ్‌లకు పట్టు వ్యాధి వేఱొకటి కలదు. ఒకే చిత్రమున ఘంటసాల, సుశీల, లీల పాడియుండిరేని, గాయకుని పేరునుబట్టి విభజించు ప్లేయరు ఆ చిత్రమును మూడు ఆల్బమ్‌లుగా చీల్చివేయును. దీనికి మందు ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అను గడిలో అన్ని పాటలకు ఒకే పేరు, సంగీతదర్శకునిది, వ్రాయుట. ఆ గడి నిజమునకు వాద్యబృందమునకని ప్రమాణకర్తలు ప్రత్యేకించినది. జనము దానిని ఆక్రమించి తమకు కావలసిన పనికి మలచుకొనిరి, అది సబబే యని నా తలంపు.

2001లో వెలువడిన ఐపాడ్ పద్ధతి యింకను విపరీతము. కంప్యూటరులోని ఐట్యూన్స్ అను ప్రోగ్రాము పాటలను దాని లోపలి మఱుగు ఫోల్డర్లలో అర్థములేని పేర్లతో దాచి, అసలు పేర్లను వేఱొక పట్టికలో పొందుపఱచును. ఐపాడ్ ఆ పట్టికను చూచునే కాని చీటిని విప్పి చూడదు. దానిలోని ఫైలుచీటిని ఎంత దిద్దినను ఫలితము శూన్యము. కంప్యూటరులోని ప్రతిని సరిచేసి మరల సింక్ చేయవలసినదే.

తెలుగు పేరునకు బదులు, తలపై వాలుగీత గల రోమను అక్షరమును దాని ప్రక్కన డిగ్రీల సున్నయు వరుసగా కనబడినచో భయపడనక్కఱలేదు. అవి మన లిపియొక్క యూటీఎఫ్-8 బైట్లే, పాశ్చాత్యలిపి పట్టికననుసరించి చదువబడినవి. బైట్లు చెక్కుచెదరలేదు గనుక, చదువు పట్టికను మార్చినంతనే పేరు తిరిగివచ్చును. వరుసగా ప్రశ్నార్థకములే యున్నచో, అవి తెరమీదనే కాక ఫైలులోను ఉన్నవేమో చూడవలెను. ఉన్నచో, పేరును ఒక పట్టికనుండి మఱొకదానికి మార్చిన ప్రోగ్రాము అక్షరములను పాఱవైచి ఆ గుర్తులనే భద్రపఱచినదన్నమాట, పాట విని పేరు మరల చేతితో వ్రాసికొనవలసినదే.