ఇంటరు చదువుకు ఊరు దాటే ముందు

ప్రతి ఏటా మే, జూన్ నెలల్లో మా శాఖకు కొందరు విద్యార్థులు తండ్రులను వెంటబెట్టుకొని వస్తారు. సొంత ఊరు షోలాపూరో, బళ్లారో, హోసూరో అయి ఉంటుంది. పదవ తరగతి వరకు అక్కడే చదివి, ఇంటర్మీడియట్ మాత్రం విజయవాడలోనో హైదరాబాదులోనో హాస్టలులో ఉండి పూర్తి చేసినవారు. మార్కులకు లోటుండదు. దరఖాస్తులో 'స్థానికత' అన్న గడి దగ్గర మాత్రం కలం ఆగిపోతుంది. ఆంధ్రలో వారు స్థానికేతరులు. పుట్టి పెరిగిన రాష్ట్రంలో ఆ రెండేళ్ల చదువు వల్ల ఏం పోయిందో, ఏం మిగిలిందో వారికి తెలియదు. ఆ దశలో మేము చెప్పగలిగేదీ తక్కువే. అందుకే ఈ మాటలు ఎనిమిది, తొమ్మిది తరగతులవారిని ఉద్దేశించి రాస్తున్నాము.

కళాశాల ప్రవేశానికి సిద్ధం కావడం అనగానే కోచింగు, గైడ్లు గుర్తుకు వస్తాయి. వాటి గురించి చెప్పేవారికి కొదవ లేదు. ఏ తరగతి ఏ రాష్ట్రంలో చదివాము అనే లెక్కను మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. బయటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ లెక్కే ముఖ్యం.

ముందు ఆంధ్రప్రదేశ్ సంగతి. అక్కడి ప్రవేశాలకు మూలం 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు అక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటరు రెండేళ్లు. పదవ తరగతి ముగించుకొని వెళ్లిన పిల్లవాడికి ఉండేవి రెండేళ్లే. కనుక వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం నిజానికి ఎనిమిదవ తరగతి చివరనే జరగాలి. మిగిలిన 15 శాతంలో చోటు దొరుకుతుందిలే అనుకునేవారూ ఉన్నారు. ఆ సీట్లకు బయటివారు పోటీ పడాలంటే విద్యార్థి గాని తల్లిదండ్రులలో ఒకరు గాని మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉండాలి, లేదా తల్లిదండ్రులు అక్కడ ప్రభుత్వోద్యోగంలో ఉండాలి. మూడు తరాలుగా బళ్లారిలో ఉన్న కుటుంబానికి ఇవేవీ వర్తించవు. తెలుగు మాతృభాష కావడం ఆ నిబంధనల్లో ఒక అర్హత కాదు. ఈ మాట వినగానే మనవారి మనసు చివుక్కుమంటుంది. మాకూ అలాగే అనిపించింది. కానీ నిబంధన అది. యాజమాన్య కోటా సంగతి వేరు, దాని ఖర్చూ వేరు.

రాష్ట్రం 2014లో రెండయ్యాక పదేళ్లు ప్రవేశాలు పాత పద్ధతినే సాగాయి. 2024 జూన్‌లో ఆ గడువు ముగిసింది. తెలంగాణ వైద్య కళాశాలల ప్రవేశాలకు 2024లో తెచ్చిన నిబంధన కూడా తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లు అక్కడే చదవాలన్నది.

ఇక ఉన్న రాష్ట్రంలో ఏం పోతుంది? ఇది అన్నిచోట్లా ఒకలాగా లేదు. మహారాష్ట్రలో నష్టం పెద్దది. అక్కడ రాష్ట్ర కోటా వైద్య సీటుకు పదవ తరగతి, పన్నెండవ తరగతి రెండూ మహారాష్ట్రలోనే ఉత్తీర్ణులు కావాలి. షోలాపూరు పద్మశాలి కుటుంబం నుంచి డాక్టరు కావాలని హైదరాబాదుకు వెళ్లి ఇంటరు చదివిన అమ్మాయి, ఆ చదువు వల్లనే సొంత రాష్ట్రపు సీటుకు అర్హత పోగొట్టుకుంటుంది. తెలంగాణలో నాలుగేళ్లూ నిండవు. ఆమెకు ప్రభుత్వ కళాశాలల్లో మిగిలేది దేశమంతటికీ ఉమ్మడి అయిన 15 శాతం అఖిల భారత కోటా.

కర్ణాటకలో ఇంత కష్టం లేదు. ఒకటవ తరగతి మొదలు రెండవ పి.యు.సి. వరకు గల కాలంలో ఏడేళ్లు అక్కడ చదివి, ఎస్.ఎస్.ఎల్.సి. గాని పి.యు.సి. గాని అక్కడే ఉత్తీర్ణులైతే సి.ఇ.టి.కి అర్హత ఉంటుంది. బళ్లారిలో పది వరకు చదివి ఇంటరుకు అనంతపురం వెళ్లినవారు ఊపిరి పీల్చుకోవచ్చు. తమిళనాడు ఇంజనీరింగ్ ప్రవేశాల్లో ఎనిమిది నుంచి పన్నెండు వరకు అక్కడే చదివినవారిని వేరే నివాస పత్రం అడగరు. మధ్యలో బయటికి వెళ్లినవారు తహసీల్దారు ఇచ్చే నేటివిటీ సర్టిఫికెట్ చూపాలి. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఇచ్చే 7.5 శాతం ప్రత్యేక కోటా కావాలంటే మాత్రం ఆరు నుంచి పన్నెండు వరకు తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల్లోనే చదివి ఉండాలి. హోసూరు ప్రభుత్వ పాఠశాలలో చదివే పిల్లవాడు ఇంటరు కోసం ఆంధ్రకు వెళితే పోయేది ఇదే. యానాం విద్యార్థులకు పుదుచ్చేరి ప్రవేశాల్లో ప్రాంతీయ కోటా ఉంది.

జాతీయ సాంకేతిక విద్యాసంస్థల (ఎన్.ఐ.టి.ల) లెక్క వీటికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి ఇస్తారు. సొంత రాష్ట్రం అంటే పన్నెండవ తరగతి ఉత్తీర్ణులైన రాష్ట్రం, అంతే. విజయవాడలో ఇంటరు ముగించిన హోసూరు విద్యార్థికి తాడేపల్లిగూడెంలో సొంత రాష్ట్రపు హక్కు వస్తుంది, తిరుచిరాపల్లిలో పోతుంది. సూరత్కల్, రూర్కేలా, నాగపూర్, కారైకాల్ విషయంలోనూ ఇంతే. ఆంధ్ర ప్రభుత్వం లెక్కలో స్థానికుడు కానివాడు ఇక్కడ స్థానికుడవుతాడు! అందుకని ఏ చదువు మీద గురి ఉందో ముందు తేల్చుకొని, ఆ తరువాతే ఊరు మారే ఆలోచన చేయాలి.

కుల ధ్రువపత్రం గురించి కూడా ఒక మాట. తండ్రి ఉద్యోగరీత్యా ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయి చేరిన విద్యార్థి ఒకరు మహారాష్ట్రలో షెడ్యూల్డు తెగల సీటు కోరగా, ఆ హోదా మూల రాష్ట్రానికే పరిమితమని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరతరాలుగా ఉన్నవారి పరిస్థితి వేరు. కానీ వారి కులం పేరు ఆ రాష్ట్రపు జాబితాలో ఏ రూపంలో ఉందో, బడి రిజిస్టరులో ఏ రూపంలో రాశారో సరిచూసుకోవాలి.

రిజిస్టరులో మాతృభాష గడి ఉంటే దానినీ చూడండి. చాలామంది గుమాస్తాలు అడగకుండానే రాష్ట్ర భాష రాసేస్తారు, మనవారూ పట్టించుకోరు. భాషాపరంగా అల్పసంఖ్యాకులు ఎవరన్నది రాష్ట్రం వారీగా చూడాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. కనుక ఈ రాష్ట్రాల్లో మనవారు నడిపే విద్యాసంస్థలు ఆ హోదా పొందితే అక్కడ తెలుగు పిల్లలకు కొంత భాగం సీట్లు దక్కే వీలుంది. అక్కడ రుజువుగా అడిగేది సాధారణంగా బడి కాగితాన్నే. చదువుతుండగా దిద్దించుకోవడం తేలిక. బడి విడిచాక అది తల ప్రాణం తోకకు తెచ్చే పని.

ఇక తెలుగు సబ్జెక్టు. మార్కులు రావని తెలుగు మాన్పించి వేరే భాష ఇప్పించే తల్లిదండ్రులు ఉన్నారు. తమిళనాడు ఇంజనీరింగ్ ర్యాంకుకు చూసేది గణితం 100, భౌతిక, రసాయన శాస్త్రాలు చెరి 50, వెరసి 200. కర్ణాటకలో ఇంజనీరింగుకు సి.ఇ.టి. మార్కులు సగం, పి.యు.సి. గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల మార్కులు సగం. రెండింటిలోనూ భాష మార్కులకు చోటు లేదు. తెలుగు తీసుకున్నందువల్ల ఇంజనీరింగు సీటు పోయిందనడానికి ఆధారం లేదన్నమాట. పైగా 2022లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షలో తెలుగు ఒక భాషగా ఉంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల ఎం.ఏ. తెలుగు చదవదలచినవారిని నాలుగేళ్ల స్థానికత అడగరు.

తెలుగు మాధ్యమంలో చదివే బరంపురం, పర్లాకిమిడి విద్యార్థులు ఒకటి గమనించాలి. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో ఉంటుంది గాని, అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరీక్షా కేంద్రాల్లోనే ఇస్తారు. ఒడిశాలో కూర్చొని రాసేవారికి ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, ఒడియా ప్రశ్నపత్రాలే దొరుకుతాయి. సరిహద్దు దాటి రాస్తారో, ఇంగ్లీషు పదజాలం ముందునుంచి అలవాటు చేసుకుంటారో తొమ్మిదిలోనే ఆలోచించుకోవాలి.

నిబంధనలు ఏటేటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కనుక చేరదలచిన కోర్సు ప్రాస్పెక్టస్ కిందటి ఏడాదిది తెచ్చుకొని అర్హతల పేజీ ఒక్కటీ ఇంట్లో అందరూ చదవాలి. ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ ఆ ఏడాదే తీసుకోవాలి. మన ప్రాంతాల్లో చిన్న తెలుగు బడులు మూతపడుతున్నాయి. మూతపడిన బడి రిజిస్టరు ఎక్కడుందో కనుక్కోవడానికి విద్యాశాఖ కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. ప్రధానోపాధ్యాయులు ఇంకా ఆ కుర్చీలో ఉండగానే అడిగి సంతకం, ముద్ర వేయించుకోండి.