గుడిసె కాలాక

మొజాంబిక్‌లో అంతర్యుద్ధం ముగిశాక, తిరుగుబాటుదారుల అడవి శిబిరాల నుంచి తిరిగొచ్చిన పిల్లల్ని కొన్ని పల్లెల్లో నేరుగా ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. గడ్డితో చిన్న గుడిసె వేసి, శిబిరంలో తొడుక్కున్న బట్టలతోనే పిల్లాణ్ణి అందులోకి పంపేవారు. వాడు బట్టలు విప్పేశాక గుడిసెకు నిప్పు పెట్టేవారు. చుట్టం ఒకరు వాణ్ణి చేయి పట్టుకుని బయటికి తెచ్చేవారు. అంతా కాలిపోయాక నాటువైద్యుడు మూలికల పొగ పట్టించి, మూలికలు కలిపిన నీళ్లతో స్నానం చేయించేవాడు. అప్పుడుగానీ వాడు మళ్లీ ఆ ఇంటి బిడ్డ కాడు.

శాంతి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఈ స్నానమే. అలాగని యుద్ధాన్ని ఆపిన ఒప్పందం చిన్న విషయమని కాదు. 1977లో మొదలైన ఆ యుద్ధం, దాని వెంట వచ్చిన కరువు, రోగాలు కలిసి సుమారు పది లక్షలమందిని పొట్టన పెట్టుకున్నాయి. ప్రభుత్వంలో ఉన్న ఫ్రెలిమో, తిరుగుబాటు చేసిన రెనామో 1990 జులైలో రోమ్‌లోని ఒక పాత మఠంలో ఎదురెదురుగా కూర్చున్నాయి. కూర్చోబెట్టింది శాంట్ ఎజీడియో అనే కాథలిక్ బృందం. వాళ్లకు సైన్యం లేదు, ఆంక్షలు పెట్టే అధికారమూ లేదు. మన రచ్చబండ దగ్గర పెద్దమనిషి ఇద్దరి మాటా విని తీర్పు చెబుతాడు. వీళ్లు తీర్పు జోలికి పోలేదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో ముందు వెతికించారు. లేచిపోయినవాళ్లను ఓపిగ్గా మళ్లీ పిలుచుకొచ్చారు. అలా 27 నెలలు. 1992 అక్టోబర్ 4న సంతకాలయ్యాయి.

నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1969లోనే ఒక మాట అన్నాడు: వైద్యం ఉండి కూడా మనిషి క్షయతో చనిపోతే అదీ హింసే. తుపాకీ ఆగినంత మాత్రాన హింస ఆగినట్టు కాదు. శాంతిని అన్ని వైపుల నుంచీ చూడమనే పరిశోధకులు పొలం, కడుపు, పీడకల అన్నీ లెక్కలోకి తీసుకోమనేది ఇందుకే.

మొజాంబిక్ చర్చిలకు ఇది తెలుసు. 1995లో బిషప్ దినిస్ సెంగులానె చొరవతో, దాచిన తుపాకీ తెచ్చిస్తే కుట్టుమిషనో, సైకిలో, పారో ఇవ్వడం మొదలుపెట్టారు. ముక్కలు చేసిన తుపాకులతో కెస్టర్ అనే కళాకారుడు 2001లో ఒక కుర్చీ చేశాడు. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని వీపుపైన నిలబెట్టిన తుపాకీ మడమల మీద మర రంధ్రాలు రెండు కళ్లలా, పట్టీ దూర్చే చీలిక నవ్వే నోరులా కనిపిస్తాయి. ఎవరూ చెక్కింది కాదు, అచ్చం అలాగే ఉంది.

అయినా గాయం పూర్తిగా మానలేదు. అధికారంలో వాటా, పాత సైనికుల బతుకుతెరువు తేలక 2013లో మళ్లీ తుపాకులు పేలాయి. 2019లో ఇంకో ఒప్పందం కుదిరింది. 2023లో రెనామో చివరి స్థావరం మూతపడే నాటికి సుమారు 5,200 మంది ఆయుధాలు దించారు. ఊళ్లకు చేరాక వాళ్లలో చాలామంది అడిగింది పింఛను ఎప్పుడొస్తుందని.