ట్రే దాటిన మూత్రం

పిల్లి శుభ్రతకు పెట్టింది పేరు. పని కాగానే ఇసుక కప్పుతుంది, వాసన చూస్తుంది, చాలదనిపిస్తే మళ్ళీ కప్పుతుంది. అలాంటి పిల్లి ఏళ్ళ తరబడి వాడుకున్న ట్రేని వదిలేసి ఒకరోజు బాత్రూము ముందున్న పట్టా మీద, మర్నాడు ఉతకడానికి విప్పిన బట్టల కుప్ప మీద, ఆ తర్వాత పరుపు మీద పోస్తే ఇంట్లో తలోమాటా అంటారు. పొగరెక్కిందని ఒకరు, ముసలిదైందని ఒకరు, ఇంట్లోకి కొత్త మనిషి వచ్చేసరికి అలిగిందని ఇంకొకరు. పిల్లులు అలగవని అనను. కాకపోతే మూత్రం విషయంలో అలక చిట్టచివర ఆలోచించాల్సిన కారణం. ముందు చూడాల్సింది ఆ మడుగునే. ఎంత పోసింది, ఎక్కడ పోసింది, ఆరాక గచ్చు మీద ఏం మిగిలింది?

చోడవరంలో ఆ మూడో ప్రశ్నకు చీమలే ముందుగా జవాబు చెప్పొచ్చు. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఈ ఊరి చుట్టూ చెరుకే. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ ఈ మండలంలోదే. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి ఇక్కడికి ఎంతో దూరం లేదు. తీపి ఉన్నచోటికి చీమ వస్తుందని ఇక్కడి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లి పోసిన చోట చీమలు బారు కట్టినా, ఆరిన మరక కాలికి బంకబంకగా తగిలినా ఆ మూత్రంలో చక్కెర ఉందేమోనని అనుమానించాలి. మన ప్రాచీన వైద్యులు మధుమేహాన్ని గుర్తుపట్టిన ఆనవాళ్ళలో ఇదొకటి, రోగి మూత్రానికి చీమలు చేరడం. అలాగని చీమ చెప్పిందే వేదం అనుకోవద్దు. కొన్ని చీమలు యూరియా కోసం కూడా మూత్రం దగ్గరికి వస్తాయి. మందుల షాపులో దొరికే మూత్ర పరీక్ష స్ట్రిప్ ముంచితే సంగతి నిమిషంలో తేలిపోతుంది. పిల్లి మూత్రం పట్టడమెలా అంటారా? ట్రేలో ఇసుక తీసేసి, కడిగి ఆరబెట్టిన గులకరాళ్ళు పరవండి. రాళ్ళు పీల్చుకోవు గనక అడుగున మూత్రం నిలుస్తుంది, సూదిలేని సిరంజితో లాగెయ్యొచ్చు.

అసలు మధుమేహం గుట్టు బయటపడిందే ఒక జంతువు పోయకూడని చోట పోయడం వల్ల. 1889లో, అప్పుడు జర్మనీ ఏలుబడిలో ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో, ఆస్కర్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్క క్లోమాన్ని తీసేశారు. కొవ్వు అరగడానికి క్లోమం కావాలా అక్కర్లేదా అన్నది వాళ్ళ ప్రశ్న, చక్కెర ఊసే లేదు. ఫాన్ మేరింగ్ ఊళ్ళో లేని రోజుల్లో, బయటికి తీసుకెళ్తేనే పోసే అలవాటున్న ఆ కుక్క ప్రయోగశాల నేలంతా తడపడం మొదలుపెట్టింది. సరిగ్గా తిప్పడం లేదని మింకోవ్‌స్కీ నౌకరును నిలదీశాడు. తిప్పుతూనే ఉన్నానని, లోపలికి రాగానే మళ్ళీ పోస్తోందని అతను మొత్తుకున్నాడు. మింకోవ్‌స్కీ నేల మీది మూత్రాన్ని కాస్త తీసి పరీక్షించాడు. దండిగా చక్కెర! అక్కడ నౌకరును కోప్పడి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. ఆ మడుగును పరీక్షకు తీసినందుకే క్లోమానికీ మధుమేహానికీ ఉన్న బంధం తెలిసింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ వెలికితీసింది ఆ దారిలో నడిచే.

మూత్రంలోకి చక్కెర ఎందుకొస్తుంది? మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టేటప్పుడు గ్లూకోజ్ కూడా దిగిపోతుంది. ఆ వెంటనే సన్నటి నాళికలు దాన్ని తిరిగి రక్తంలోకి ఎక్కిస్తాయి. ఆ ఎక్కించే శక్తికి హద్దుంది. యార్డుకు వచ్చిన బెల్లం దిమ్మలకు సరిపడా లారీలు లేకపోతే మిగిలినవి నేల మీదే ఉండిపోయినట్టు, హద్దు దాటిన చక్కెర మూత్రంలో ఉండిపోతుంది. మనుషుల్లో ఆ హద్దు డెసిలీటరు రక్తానికి సుమారు 180 మిల్లీగ్రాములు. పిల్లిలో చాలా ఎక్కువ, 250 నుంచి 300 మధ్య. కాబట్టి పిల్లి మూత్రంలో చక్కెర దిగిందంటే జబ్బు అప్పటికే ముదిరిందని లెక్క. మిగిలిన చక్కెర ఊరికే పోదు, నీళ్ళను వెంట లాక్కుపోతుంది. ఒళ్ళు ఎండిపోయి పిల్లి గిన్నెకు గిన్నె తాగుతుంది, తాగింది తాగినట్టు పోస్తుంది. ఆకలి పెరుగుతుంది, ఒళ్ళు మాత్రం తగ్గుతుంది.

నాలుగు కిలోల పిల్లి మామూలుగా రోజుకు ఓ టీ గ్లాసుడు మూత్రం పోస్తే ఎక్కువ. అది రోజుకు 200 మిల్లీలీటర్లకు మించి నీళ్ళు తాగుతుంటే డాక్టరుకు చూపించాలి. చూడడం తేలికే: పొద్దున కొలిచి పోయండి, మర్నాడు పొద్దున మిగిలింది కొలవండి. ఇంతకన్నా మంచి కొలత ట్రేలోనే ఉంది. మూత్రం తగిలితే గడ్డకట్టే బెంటొనైట్ మట్టి లిట్టర్ వాడేవాళ్ళు గరిటెతో ఎత్తే ఉండల సైజు గమనించాలి. నిమ్మకాయంత ఉండేవి కమలాపండంత అయ్యాయా? రోజుకు రెండు మూడు ఉండేవి ఆరేడయ్యాయా? రక్తపరీక్ష కన్నా ముందే ట్రే చెప్పేస్తుంది. ఇంకో మాట. పోస్తోంది కదా అని నీళ్ళ గిన్నె తీసేసేవాళ్ళున్నారు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. మూత్రం వల్ల పోయిన నీటినే అది పూడ్చుకుంటోంది, గిన్నె తీసేస్తే ప్రాణం మీదికొస్తుంది.

చెరుకు ఊళ్ళో పిల్లికి షుగర్ వచ్చిందనగానే బెల్లం తినిందేమో అంటారు. పిల్లికి తీపి తెలియదు. నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకానికి రెండు జన్యువులు కావాలి, వాటిలో ఒకటి పిల్లి జాతిలో ఎప్పుడో పాడైపోయింది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రజ్ఞులు 2005లో ఈ సంగతి తేల్చారు. పులికీ చిరుతకూ కూడా అంతే. పాలకోవా కోసం వచ్చే పిల్లి కొవ్వు కోసం వస్తుంది. దానికి షుగర్ తెచ్చేవి వేరు: వయసు, కదలకుండా ఇంట్లోనే పడుండడం, ఒళ్ళు పెరగడం. వృషణాలు తీయించిన మగపిల్లుల్లో ఎక్కువ. దురదకని పదేపదే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించిన పిల్లుల్లో కూడా వస్తుంది. పాలన్నం, పెరుగన్నం మీద పెరిగే పిల్లికీ, గిన్నెలో రోజంతా ఎండు గుళికల మేత ఉండే పర్షియన్ పిల్లికీ ఒక విషయంలో తేడా లేదు, రెండిటి కడుపులోకీ పిండిపదార్థం వెళుతోంది. పిల్లి కాలేయానికి దాన్ని సర్దుకునే శక్తి తక్కువ. చేపతలకాయ కోసం చేసే గోల ఊరికే కాదు మరి.

ఇక ట్రే సంగతి. ఎక్కువ పోస్తే ట్రేలోనే ఎక్కువ పోయొచ్చు కదా, బయటికెందుకు? కారణాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పూటకోసారి తీసే ట్రే మధ్యాహ్నానికే బురదవుతుంది. తడి ఇసుకలో కాలు పెట్టడం పిల్లికి మా చెడ్డ అసహ్యం. మూత్రం ఆగదు, పెరట్లో ఉన్న ట్రే దాకా నడిచేలోపే అయిపోతుంది. షుగర్ పిల్లుల్లో సుమారు పదింట ఒకదానికి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటుంది. పోసినప్పుడల్లా మంటపుడితే ఆ మంటకు ట్రేయే కారణమని పిల్లి లెక్కేసుకుంటుంది, మెత్తటి బట్టల కుప్పను వెతుక్కుంటుంది. మడుగు చిన్నచిన్నగా నాలుగైదు చోట్ల ఉంటే ఈ ఇన్ఫెక్షన్‌నే ముందు అనుమానించాలి, పెద్ద మడుగు ఒక్కటే ఉంటే చక్కెరను. గోడ మీద నిలువుగా చిమ్మినట్టుంటే అది వేరే కథ, హద్దులు చాటుకునే గండుపిల్లి పని.

చాలామంది గమనించనిది వెనక కాళ్ళు. పిల్లి వేళ్ళ మీద నడిచే జంతువు. చక్కెర ఎక్కువై నరాలు దెబ్బతింటే మడమ నేలకు ఆనించి, కుందేలులా చతికిలబడి నడుస్తుంది. మంచం ఎక్కలేదు, ఎక్కబోయి జారుతుంది. అలాంటి పిల్లికి జానెడు ఎత్తు అంచున్న ట్రే గోడతో సమానం. దాని పక్కనే పోసి ఊరుకుంటుంది. ఇంట్లోవాళ్ళకు అది కావాలని చేసినట్టు కనిపిస్తుంది. ట్రే ముందువైపు అంచును రెండు మూడు అంగుళాలకు కోసి, కోసిన చోట ఇన్సులేషన్ టేపు చుడితే సగం గొడవ తీరుతుంది. చక్కెర అదుపులోకి వస్తే నరాలు కూడా నెమ్మదిగా కోలుకోవచ్చు.

పోసిన చోట మనం చేసే మొదటి పని ఫినాయిలు కొట్టడం. ఈ ఒక్కటీ మానేయాలి. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు, దాని జన్యువు కూడా పాడైందే. నల్ల ఫినాయిలు తుడిచిన గచ్చు మీద నడిచి, పాదాలు నాక్కునే పిల్లికి అది విషం. ఇదే కారణానికి మనుషుల పారాసిటమాల్ కూడా పిల్లిని చంపేస్తుంది. కలరా ఉండలూ వద్దు. సబ్బునీళ్ళతో కడిగి, ఎంజైము కలిసిన పెట్ క్లీనర్ పోసి, దానంతటదే ఆరేదాకా వదిలేయాలి. బట్టలైతే ఎండలో వేయాలి. పాత మరకలు కనపడకపోతే దుకాణాల్లో దొంగనోట్లు పట్టే నీలం లైటు తెచ్చి, దీపాలార్పి చూడండి. మూత్రం మెరుస్తుంది. వాసన మనకు పోయినా పిల్లికి పోదు, ఆ వాసనే దానికి మళ్ళీ ఇక్కడే పోయమని చెబుతుంది.

డాక్టరు దగ్గర ఒక చిక్కుంది. చోడవరం నుంచి విశాఖకు బుట్టలో పెట్టి బస్సులో తీసుకెళ్ళిన పిల్లికి భయంతోనే రక్తంలో చక్కెర 300 దాటొచ్చు. ఒక్క రీడింగు చూసి షుగర్ అని ముద్ర వేయకూడదు. గడిచిన ఒకటి రెండు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమీన్ పరీక్ష చేయించడం మేలు. మనుషుల గ్లూకోమీటర్లు పిల్లి రక్తానికి తక్కువ చూపిస్తాయి, పిల్లి ఎర్రకణాల్లో గ్లూకోజ్ తక్కువగా ఉండడమే కారణం. ఏ మీటరైనా ఒక్కదాన్నే వాడి, ఏ మీటరో డాక్టరుకు చెప్పాలి.

వైద్యం ఇన్సులిన్, రోజుకు రెండు పూటలా, భుజాల మధ్య వదులు చర్మంలో. సూది చాలా సన్నం. తింటున్న పిల్లి చాలాసార్లు పట్టించుకోదు కూడా. పిల్లి ఇన్సులిన్‌కూ ఆవు ఇన్సులిన్‌కూ తేడా ఒక్క అమైనో ఆమ్లమే, మనిషిదానితో నాలుగు. అయినా మనిషి మందు దానికి పనిచేస్తుంది. అసలు ప్రమాదం సిరంజిలో ఉంది. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. ఎర్ర మూత సిరంజి 40ది, నారింజ మూతది 100ది. 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో ఒక గీత దాకా లాగితే రెండున్నర యూనిట్లు ఎక్కుతాయి. డాక్టర్లు పూటకు ఒక యూనిట్ దగ్గర మొదలుపెట్టే జంతువుకు అది చాలా ఎక్కువ. పిల్లి తూలినా, వణికినా, ఫిట్స్ వచ్చినా చక్కెర పడిపోయిందని అర్థం. చిక్కటి బెల్లం నీళ్ళు వేలితో చిగుళ్ళకు రాసి, నోట్లో పోయకుండా, ఆసుపత్రికి పరుగెత్తాలి.

సూది అక్కర్లేని మందు కూడా వచ్చింది. అమెరికాలో 2022 డిసెంబరులో పిల్లుల కోసం బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు అనుమతి ఇచ్చారు. ఇది చక్కెరను తిరిగి ఎక్కించే ఆ నాళికలను ఆపి, మిగులును మూత్రంలోకే పంపేస్తుంది. దీని మూలం ఆపిల్ చెట్టు బెరడులోని ఫ్లోరిజిన్. దాంతో మూత్రంలో చక్కెర దిగుతుందని 1886లో చూపింది ఆ ఫాన్ మేరింగే. స్ట్రాస్‌బర్గ్ కుక్క మూత్రంలో చక్కెర కనపడినప్పుడు ఈ ఫ్లోరిజిన్ ప్రభావమేమోనని మింకోవ్‌స్కీ మొదట అనుకున్నాడట. ఈ మందు అన్ని పిల్లులకూ నప్పదు. అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లికి ఇవ్వకూడదు, రక్తంలో కీటోన్లు పెరిగే ముప్పుంది. ట్రే విషయంలో మాత్రం ముందే తెలుసుకోండి: ఈ మాత్ర వేస్తే చక్కెర మూత్రంలోకి పోవడమే వైద్యం, కాబట్టి ఉండలు చిన్నవి కావు.

ఇన్సులిన్‌తో, పిండి తగ్గించిన మాంసాహారంతో కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేని స్థితికి వచ్చే పిల్లులు చాలానే ఉన్నాయి. మేత మార్పు డాక్టరు చూస్తుండగానే జరగాలి. ఒట్టి కోడిమాంసం, చేప మాత్రమే ఏళ్ళ తరబడి పెడితే కాల్షియం కరువవుతుంది. చక్కెర అదుపులోకి వచ్చినా కొన్ని పిల్లులు పరుపును వదలవు, అలవాటు అలవాటే. పోసే చోట ఇంకో ట్రే పెట్టండి, రోజుకు కాస్త జరుపుతూ మీకు కావలసిన మూలకు చేర్చండి. పిల్లి ఒకటే అయినా ట్రేలు రెండుండాలి. సువాసన లిట్టర్ మనుషుల కోసం, పిల్లికి అక్కర్లేదు. సన్నటి ఏటి ఇసుక బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మన ఊళ్ళో ఖర్చు కూడా తక్కువ.

మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, ఒక్క చుక్కా పోయలేకపోతుంటే మాత్రం ఈ కొలతలూ స్ట్రిప్పులూ పక్కన పెట్టండి. మూత్రనాళం మూసుకుపోయింది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా సరే, తెల్లవారాక చూద్దామనుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.