నెల్లూరు తీరంలో ఏ సీజన్‌కు ఏ రుచి? వేసవిలో మామిడికాయ పులుసు.. వానల్లో అల్లం టీ.. అసలు లెక్క ఇదీ!

నెల్లూరు పేరు చెప్పగానే ముందు గుర్తొచ్చేది చేపల పులుసే. సిటీ హోటళ్లలో అది ఏడాది పొడవునా దొరుకుతుంది. కానీ మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె లాంటి తీరం ఊళ్లలో తిండికి ఓ క్యాలెండర్ ఉంది. ఎప్పుడు తాజా చేప తినాలి, ఎప్పుడు ఎండు చేపతో సరిపెట్టుకోవాలి అన్నది సముద్రం, వానలే తేలుస్తాయి.

జపాన్‌లోనూ ఇలాంటి పద్ధతే ఉంది. ఓ చేపైనా, కూరగాయైనా బాగా రుచిగా ఉండే కాలాన్ని అక్కడ 'షున్' అంటారు. వసంతంలో కోసిన కొత్త తేయాకును 'షించా' అని పిలుచుకుని మరీ ఇష్టంగా తాగుతారు. మన తీరంలో దానికి ప్రత్యేకంగా పేరు లేదు కానీ అలవాటు మాత్రం ఉంది. అదేంటో ఓసారి చూద్దాం..

ఏప్రిల్ 15 నుంచి సముద్రానికి సెలవు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు వేట నిషేధం. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే టైమ్ ఇది. మరబోట్లు, ఇంజిన్ పడవలు ఒడ్డునే ఉంటాయి. ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకు మాత్రమే మినహాయింపు. దీంతో వంజరం, చందువా లాంటివి తగ్గిపోయి రేట్లు పెరుగుతాయి. ఈ రెండు నెలల్లో మార్కెట్‌లో పెద్ద సముద్రపు చేప కనిపిస్తే ఎక్కడిది, ఐస్‌లో ఎన్నాళ్లు ఉంది అని అడగడం మంచిది.

మనకు ఇది రుచి సంగతే. మత్స్యకారులకు మాత్రం ఇల్లు గడవడం. నిషేధ కాలానికి ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెంచింది. 61 రోజులకు లెక్కేస్తే రోజుకు సుమారు రూ.328. కుటుంబం మొత్తం ఆ డబ్బుతోనే నెట్టుకురావడం కష్టం. అయినా ఆ రెండు నెలలు ఆగితేనే తర్వాత వలలో చేప పడేది.

పులుసులో మామిడికాయ ఎందుకు?

సరిగ్గా అదే టైమ్‌లో పుల్ల మామిడికాయలు వస్తాయి. అప్పుడు కొర్రమీను, బొమ్మిడాయిలు లాంటి మంచినీటి చేపలతో పులుసు పెట్టి, చివర్లో మామిడి ముక్కలు వేస్తారు. చింతపండు, మామిడికాయ పులుపు చేప నీచువాసనను తగ్గిస్తుంది. నీచువాసన ఇచ్చే పదార్థాలు పులుపుతో కలిస్తే గాల్లోకి అంతగా రావు. అదే అసలు కారణం.

మరి మర్నాటికి పులుసు ఇంకా రుచిగా ఎందుకు ఉంటుంది? రాత్రంతా ఉప్పు, పులుపు, కారం నెమ్మదిగా ముక్క లోపలికి దిగుతాయి కాబట్టి. అందుకే మట్టి దాకలో వండి ఉంచుతారు. పులుపు కూరను అల్యూమినియం గిన్నెలో ఉంచొద్దు. ఎండాకాలంలో బయట పెట్టేకంటే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగించి తినాలి.

ఎండకు విరుగుడుగా తీరంలోని ఇసుక నేలల్లో పెరిగే తాటిచెట్ల ముంజలు, గూడూరు నిమ్మకాయలతో సోడా ఉండనే ఉన్నాయి. నిమ్మరసం పిండగానే బ్లాక్ టీ రంగు తేలిపోవడం గమనించారా? టీలోని రంగు పదార్థాలు పులుపు తగిలితే లేతబడతాయి. టీ పాడైనట్టు కాదు.

అక్టోబర్ వచ్చిందంటే.. ఎండు చేప, అల్లం టీ

రాష్ట్రంలో చాలాచోట్ల జూన్‌లో వానలు మొదలైతే, నెల్లూరుకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపాను హెచ్చరిక వస్తే పడవలు కదలవు. అప్పుడు ఎండల్లో ఆరబెట్టి దాచిన ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు బయటికొస్తాయి. వంకాయతో ఎండు రొయ్యలు వండితే ఆ రోజుకు ఇంకో కూర అక్కర్లేదు.

సాయంత్రమైతే పుల్లటి దోసె పిండితో వేసే పులిబొంగరాలు, పక్కనే అల్లం టీ. ఇంట్లో పెడితే పాలు విరిగిపోతున్నాయా? పచ్చి అల్లంలోని ఓ ఎంజైమ్ పాలలోని ప్రొటీన్‌ను విడగొడుతుంది. ముందు నీళ్లలో అల్లం, టీ పొడి వేసి బాగా మరిగిస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు. పాలు ఆ తర్వాతే పోయాలి. ఇంకో మాట.. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కనీసం గంట గ్యాప్ ఇవ్వండి.

చలికాలంలో పులికాట్ వైపు..

ఈ వానల నీళ్లే పులికాట్ సరస్సును నింపుతాయి. 2022లో జిల్లాల విభజనతో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, ఫ్లెమింగోలు వచ్చే సీజన్‌లో నెల్లూరు జనం దారి పట్టేది అటే. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఈ సరస్సులో రొయ్యలు, పీతలు దొరుకుతాయి. సంక్రాంతి దగ్గర పడేకొద్దీ ఉడికించిన తేగలూ వస్తాయి.

కొనేటప్పుడు ఇవి చూడండి

* కళ్లు మెరుస్తూ ఉబ్బెత్తుగా ఉండాలి. లోపలికి పోతే పాత చేపే.
* మొప్పలు ఎర్రగా ఉండాలి.
* వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి రావాలి.

జూన్ 14 దాటాక బోట్లు మళ్లీ వేటకు బయల్దేరతాయి. ఇష్టమైన సముద్రపు చేప కోసం అప్పటిదాకా ఆగితే తాజా చేప చేతికొస్తుంది, జేబుకూ భారం తగ్గుతుంది.