సాక్సఫోన్‌లో అతితార స్థాయి సాధన

బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ రూపొందించి 1846లో ఫ్రాన్సులో పేటెంటు పొందిన సాక్సఫోన్‌లో, మీటలు నొక్కి ఊదితే నేరుగా పలికే స్వరాల పరిధి సుమారు రెండున్నర స్థాయిలు. ఆ హద్దుకు పైన కూడా స్వరాలున్నాయి గాని, వాటికంటూ ప్రత్యేకమైన మీటలు లేవు. పాశ్చాత్య సంగీతకారులు ఆల్టిసిమో అని వ్యవహరించే ఈ అతితార స్థాయి చాలామంది అభ్యాసకులకు అందకుండా పోవడానికి కారణం, ఆ స్వరాలను వేళ్లలో వెతకడమే.

సాక్సఫోన్ గొట్టం మౌత్‌పీస్ వైపు సన్నగా మొదలై క్రమంగా వెడల్పవుతుంది. మౌత్‌పీస్‌కు బిగించిన రీడ్, అంటే పలుచగా చెక్కిన రెల్లు బద్ద, ఊపిరికి అదిరినప్పుడు గొట్టంలోని గాలి మొత్తంగా కంపించడమే కాక రెండు, మూడు, నాలుగు భాగాలుగా కూడా కంపించగలదు. తంబురా మీటినప్పుడు షడ్జ పంచమాల నడుమ లీలగా వినిపించే గాంధారం ఇలా పుట్టినదే. తమంతట తామే పుట్టే ఇటువంటి వాటిని స్వయంభూ స్వరాలు అంటారు. బొటనవేలితో నొక్కే ఆక్టేవ్ మీట గొట్టం పైభాగంలో చిన్న రంధ్రాన్ని తెరిచి, మొదటి కంపనాన్ని బలహీనపరచి, స్వరాన్ని పై స్థాయికి ఎక్కిస్తుంది. అతితార స్థాయికి కావలసినవి మూడవ, నాలుగవ, ఆపై కంపనాలు. అంత ఎత్తున గొట్టం ప్రతిస్పందన బాగా క్షీణించడంతో, కోరిన స్వరం వద్ద రీడ్‌ను నిలిపి ఉంచే శక్తి గొట్టానికి ఒక్కదానికే చాలదు.

ఆ లోటును పూరించేది వాదకుని నోరు, గొంతు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెర్ మింగ్ చెన్, జాన్ స్మిత్, జో వోల్ఫ్ వాయిస్తున్నవారి నోటిలోని ధ్వనిని కొలిచి 2008లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. అనుభవజ్ఞులు ఈ స్థాయిలో తమ గళమార్గపు అనునాదాన్ని, అంటే అందులోని గాలి సహజంగా బలంగా ప్రతిస్పందించే శ్రుతిని, పలికించవలసిన స్వరానికి దగ్గరగా సవరించుకుంటున్నారని, అలా సవరించుకోలేనివారికి ఆ స్వరాలు పలకడం లేదని తేలింది.

అందువల్ల సాధన అట్టడుగు స్వరం నుంచే మొదలుకావాలి. ఆల్టో సాక్సఫోన్ రంధ్రాలన్నీ మూసి ఊదితే సెకనుకు సుమారు 139 కంపనాలు గల స్వరం పలుకుతుంది. దానిని షడ్జంగా భావించి, వేళ్లు కదపకుండా, ఆక్టేవ్ మీట తాకకుండా, నాలుక వెనుక భాగాన్ని ‘ఆ’ పలికే తీరు నుంచి ‘ఈ’ పలికే తీరుకు మెల్లగా ఎత్తుతూ పోతే, మొదట పై షడ్జం, తరువాత పంచమం, మళ్లీ షడ్జం, ఆపై అంతర గాంధారం వరుసగా వెలువడతాయి. తొలినాళ్లలో స్వరం నిలవక కింది షడ్జానికి జారిపోతూనే ఉంటుంది. ప్రతి స్వరాన్నీ ఊదే ముందు మనసులో వినడం, వీలైతే పాడుకోవడం ఇక్కడ ప్రాణం వంటిది. నోటి లోపలి కదలికలు కంటికి కనిపించవు గనుక వాటిని సరిదిద్దగలిగేది చెవి ఒక్కటే.

ఓపిక నశించినవారు కింది పెదవితో రీడ్‌ను బిగబడతారు. అప్పుడు రీడ్ అదురు అణగి స్వరం కీచుమంటుంది, లేదా మూగబోతుంది. వేళ్ల అమరికల పట్టికలు అవసరమే అయినా, అవి వాద్యాన్ని బట్టి, మౌత్‌పీస్‌ను బట్టి మారుతుంటాయి. మామూలు పరిధిని దాటగానే తగిలే ‘జి’ (G) స్వరం ఆల్టోలో మరీ మొండిది కాబట్టి, దానిపైనున్న ‘ఏ’ (A) స్వరంతో ఆరంభించడం మేలు.

జర్మనీలో జన్మించిన సిగుర్డ్ రాషర్ (1907–2001) ఈ స్థాయిపై సాధించిన పట్టును ఎరిగి, స్వీడన్‌కు చెందిన లార్స్ ఎరిక్ లార్సన్ 1934లో, ఫ్రాన్సుకు చెందిన జాక్ ఇబెర్ 1935లో ఆయన కోసం కచేరీ రచనలు చేశారు. రాషర్ 1941లో వెలువరించిన ‘టాప్ టోన్స్ ఫర్ ది సాక్సఫోన్’ అనే అభ్యాస గ్రంథంలోనూ స్వరాన్ని ముందుగా ఊహించుకోవడం, స్వయంభూ స్వరాలను పలికించడం మొదట వస్తాయి. వేళ్ల పట్టికలు ఆ తరువాతే కనిపిస్తాయి.