ఒకే కొండ... ఒక్కొక్కరికి ఒక్కోలా!

పెళ్లి సంబంధం కుదర్చడం కంటే కష్టమైన పని ఒకటుంది. ఇంటిల్లిపాదికీ నచ్చే టూరు వెతకడం! మా నాన్నకి తెల్లవారుజామునే లేచి సూర్యోదయం చూడాలి. మావాడికి కాలు ఒకచోట నిలవదు. అత్తయ్యకి గుడో, బేరమాడే బజారో ఉండాలి. డిగ్రీ చదివే మరదలికేమో అసలు మనుషులే ఉండకూడదు. వీళ్లందర్నీ వెంటేసుకుని కిందటి శీతాకాలం విశాఖ మన్యానికి బయల్దేరాం. 2022 ఏప్రిల్ నుంచి అది పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది కానీ, మా ఇంట్లో ఇంకా 'మన్యం' అనే అంటాం.

మన్యం అంటే చాలామందికి అరకు. అరకు అంటే బొర్రా గుహలు, పద్మాపురం తోట, ఓ ప్లేటు బొంగులో చికెన్... సాయంత్రానికి తిరుగు ప్రయాణం. తప్పేం లేదు. బొర్రా చూసి తీరాల్సిందే. కానీ అక్కడితో వెనక్కొచ్చేస్తే మాత్రం మన్యం గుమ్మం దాకా వెళ్లి వచ్చినట్టే.

మావాడి కోసం వెళ్లేటప్పుడు రైలెక్కాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస - కిరండోల్ లైను అది. కొండల్ని తొలుచుకుంటూ యాభైకి పైగా సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ బోగీలో పిల్లలందరూ కలిసి కేకలు... మావాడు ముప్పై దాకా లెక్కపెట్టి, పులిహోర పొట్లం విప్పగానే మర్చిపోయాడు. దారిలో వచ్చే శిమిలిగూడ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే ఎత్తైనదని పేరు.

నాన్న వంతు వంజంగి. పాడేరుకి దగ్గర్లోనే. చీకట్లోనే టార్చిలైట్లు పట్టుకుని కొండెక్కాలి. పైకి చేరాక కాళ్ల కింద మబ్బులు... పాలకుండ ఒలికినట్టు లోయంతా తెలుపు! రాత్రి చల్లబడిన బరువైన గాలి లోయలోకి దిగి, అందులోని తేమ మంచుగా మారడంవల్ల వచ్చే అందమది. ఎండ ముదిరితే కరిగిపోతుంది. అందుకే తొమ్మిదింటికి తీరిగ్గా ఎక్కేవాళ్లకి మిగిలేది మామూలు లోయే. నవంబరు నుంచి జనవరి దాకా మంచి సమయం. సెల్‌ఫోన్లలో ఫొటోలు తిరగడం మొదలయ్యాకే దీనికింత పేరు. పేరుతోపాటే చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలూ వచ్చిచేరాయి. దిగేటప్పుడు నాన్న చేతిసంచీ తీసి ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టారు. 'పరువు పోతోంది తాతయ్యా' అన్నాడు మావాడు. ఆయన పలకలేదు. కాసేపటికి వాడే ఇంకో సంచీ అడిగాడు.

లంబసింగిలో మాత్రం మేమే బోల్తాపడ్డాం. 'ఆంధ్రా కశ్మీర్' అన్నారని స్వెట్టర్లు, మంకీక్యాపులతో మిట్టమధ్యాహ్నం దిగితే చెమటలు! చలి చూడాలంటే రాత్రి అక్కడే ఉండి తెల్లారకముందే బయటికి రావాలట. ఆ ఊరికి 'కొర్రబయలు' అనీ పేరుంది. ఆరుబయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని అర్థం చెబుతారు. చరిత్రంటే ఇష్టమున్నవాళ్లకి ఆ దారి ఇంకోలా కనిపిస్తుంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించేటప్పుడు గిరిజనులతో వెట్టి చేయించి సరిగా కూలి ఇవ్వకపోవడం కూడా మన్యం తిరుగుబాటుకి ఓ కారణం. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం మొదట దాడిచేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఇక అత్తయ్య. మత్స్యగుండంలో శివుణ్ని దర్శించుకుని, మడుగులో చేపలకి మరమరాలు వేసింది. ఆ చేపల్ని దేవుడివిగా చూస్తారు. ఎవరూ పట్టరు, తినరు. కానీ ఆవిడ మనసు దోచింది సంత. మన్యంలో వారంలో ఒక్కోరోజు ఒక్కో ఊళ్లో జరుగుతుంది. పసుపు కొమ్ములు, పిప్పళ్లు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, రాజ్‌మా గింజలు... ఉప్పు, ఎండుచేపలు, బట్టలు మాత్రం మైదానం నుంచి ఎక్కి వస్తాయి. కుంచం, మానిక కొలతలు ఇంకా కనిపిస్తాయి. ఓ ముసలమ్మ దగ్గర రాజ్‌మా బేరం పెట్టింది అత్తయ్య. చెప్పిన ధరలో సగానికి అడిగింది. ఆమె ఏమీ అనకుండా గింజల్ని మళ్లీ బుట్టలో పోసుకుంది.

'ఏ ఊరమ్మా?' అంది అత్తయ్య, కాస్త తగ్గి.

'ఆ కొండకవతల.'

'బస్సుందా?'

'నడిచే వచ్చినాం. చీకటితో.'

అత్తయ్య ఇంకేం మాట్లాడలేదు. అడిగినంతా ఇచ్చి రెండు మానికలు కొంది. ముప్పై ఏళ్ల బేరాల చరిత్రలో మొదటిసారి కొసరు కూడా అడగలేదు. ఆ ముసలమ్మే దోసెడు గింజలు తీసి సంచీలో పోసింది.

మరదలి సంగతి మర్చిపోయానా? ఆమె ఓ కాఫీ తోట గట్టు మీద పూటంతా కూర్చుంది. సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. కోతల కాలం కావడంతో ఎర్రగా పండినవాటినే ఏరి బుట్టల్లో వేస్తున్నారు. పచ్చివి అలాగే వదిలేస్తారు, వాటికోసం మళ్లీ వస్తారు. పై తోలు ఒలిచి, కడిగి, ఎండబెట్టాకే మనకి తెలిసిన గింజ. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరాబికా ఇదే. చూసి చూసి మనుషులంటే గిట్టని మా మరదలు, యజమానిని అడిగి తనూ బుట్ట పట్టుకుంది! పక్క వరసలో అమ్మాయితో కబుర్లు కూడా. ఫొటో తీస్తానంటే మాత్రం 'ముందు ఆ అమ్మాయిని అడగండి బావా' అంది. అడిగాను. వద్దంది. ఫోను జేబులో పెట్టేశాను. థింసా విషయంలోనూ అంతే. నడుముల వెనక చేతులు పెనవేసుకుని డప్పు, తుడుములకి వరసగా కదిలే ఆ ఆట పండగల్లో, పెళ్లిళ్లలో వాళ్లకోసం వాళ్లు ఆడుకునేది. దారిన పోతూ 'ఒకసారి ఆడి చూపించండి' అనడం బావుండదు.

వెళ్లేవాళ్లు చిల్లర దగ్గర ఉంచుకోండి. లోపలి ఊళ్లలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. పెట్రోలు పాడేరులోనో చింతపల్లిలోనో నింపుకోవాలి. చైత్రంలో వెళితే ఇటుకల పండగ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకి కర్ర అడ్డంపెట్టి డబ్బులడుగుతారు. కోప్పడకుండా తోచింది ఇచ్చి, నవ్వి, ముందుకి సాగండి.

మేం మళ్లీ వెళ్దామనుకుంటున్నాం. వేసవి తొలి జల్లులకి కాఫీ తోటలు తెల్లగా పూస్తాయట, మల్లెల్లాంటి వాసనట... అప్పుడే వెళ్లాలంటుంది మరదలు. అప్పుడు మబ్బులెక్కడుంటాయి అంటారు నాన్న. తగువు ఇంకా తేలలేదు.