తుప్పు మీద పూత... మూణ్ణాళ్ల ముచ్చటే!

ట్రాలీ బాడీకి రక్షణ పూత రైతు సొంతంగా వేసుకోవచ్చు
గీకుడు పని బాగా జరిగితేనే రంగు నిలుస్తుంది

బొల్లారం: పల్లెల కూరగాయలు పట్నానికి ఎలా వెళ్తాయో చూడాలంటే తెల్లవారుజామున రాజీవ్ రహదారి మీద నిలబడితే చాలు. గజ్వేల్, శామీర్‌పేట వైపు నుంచి టమాట, వంకాయ, క్యాబేజీ, ఆకుకూరలు వేసుకున్న ట్రాలీలు హకీంపేట దాటి, బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ముందు నుంచి సికింద్రాబాద్ వైపు పరుగెడుతుంటాయి. బోయినపల్లి మార్కెట్ యార్డులో పొద్దు పొడవకముందే సరుకు దించాలన్న తొందర వాటిది.

తిరుగు ప్రయాణంలో అదే ట్రాలీలో యూరియా, పొటాష్ బస్తాలు ఎక్కుతాయి. ఇంకో రోజు పశువుల దాణా, మరో రోజు కోళ్ల ఎరువు, ఆ తర్వాత సిమెంటు. ఇంజనులో చప్పుడు తేడా వస్తే డ్రైవరు చెవికి తెలుస్తుంది. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది. వెనక బాడీ అడుగు రేకును మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఓ రోజు బస్తా దించుతుంటే కాలికింద రేకు కుంగుతుంది, చిల్లులోంచి రోడ్డు కనబడుతుంది. అప్పటికి చేయి దాటిపోయినట్టే. కొత్త రేకు, వెల్డింగు ఖర్చు ఒకెత్తు, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు పోయే కిరాయి ఒకెత్తు. కిస్తీ మాత్రం ఆగదు కదా! పైగా ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు.

ఈ నష్టాన్ని ముందే ఆపుకోవచ్చు. రెండు రోజులు చాకిరీ, వారం రోజులు ఓపిక ఉంటే రైతు తన ఇంటి ముందే ట్రాలీకి రక్షణ పూత వేసుకోవచ్చు.

జంగు ఎందుకు పడుతుంది?

ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. దానికి ఉప్పు తోడైతే ఇంకా తొందరగా తింటుంది. మనం పొలానికి వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అదీ ఒక రకం ఉప్పే. యూరియా గాలిలోని తేమను పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. బస్తా నుంచి ఒలికిన గుప్పెడు ఎరువు మూలన చేరితే అక్కడ రేకు ఆరనే ఆరదు. కోళ్ల ఎరువులోని తేమ, లవణాలు కూడా అంతే చేటు. చితికిన టమాట పులుపు సరేసరి. ఆకుకూరల మీద చల్లిన నీళ్లు వీటన్నిటినీ కలిపి అతుకుల్లోకి, బోల్టుల కిందికి చేరుస్తాయి.

చాలామంది రేకును కాపాడాలని రబ్బరు పట్టానో, తార్పాలినో, చెక్క పలకలో పరుస్తారు. దెబ్బలు తగలకుండా ఉండటానికి అది మంచిదే. కానీ దాని కింద నీళ్లు నిలిచిపోతే పైకి ఏమీ కనిపించకుండానే రేకు గుల్లవుతుంది. వారానికి ఒకసారైనా పట్టా ఎత్తి ఎండబెట్టాలి.

కాలిన ఆయిలు వద్దు

ఇంజను నుంచి తీసిన పాత ఆయిలును బాడీకి పూయడం మన దగ్గర పాత అలవాటు. కొందరు తారు కూడా పూస్తారు. కాలిన ఆయిలు కొన్నాళ్లు నీటిని ఆపేమాట నిజమే. కానీ అది ఆకుకూరలకు, కొత్తిమీర కట్టలకు అంటుకుంటుంది. ఆ మడ్డిలో ఆరోగ్యానికి హాని చేసే పదార్థాలు ఉంటాయి. తినే సరుకు మోసే బండికి అది పనికిరాదు. ఒకసారి ఆయిలు పట్టిన రేకు మీద తర్వాత ఏ రంగూ సరిగా నిలవదు కూడా. ఇక తారు మన ఎండలకు మెత్తబడి బస్తాలకు, చెప్పులకు అతుక్కుంటుంది.

ముప్పాతిక పని గీకుడే

రంగు కొనేముందే బాడీని పరీక్షించాలి. పట్టా తీసేసి, మొత్తం కడిగి, స్క్రూడ్రైవరు మొనతో తుప్పు మచ్చలను పొడిచి చూడండి. మొన లోపలికి దిగితే అది రంగుతో పోయే జబ్బు కాదు. ముందు ప్యాచ్ వెల్డింగు చేయించాలి. అడుగున అడ్డ దూలాలు, ఛాసిస్ తుప్పు పట్టి ఉంటే మెకానిక్కుకు చూపించకుండా ముందుకు పోవద్దు.

రేకు గట్టిగా ఉంటే పని మొదలుపెట్టవచ్చు. సబ్బు నీళ్లతో జిడ్డు పోయేదాకా కడగాలి. జిడ్డు ఉండగానే గీకితే అది పోకపోగా రేకంతా పులుముకుంటుంది. ఆరాక వైరు బ్రషుతో, లేదా గ్రైండరుకు వైరు బ్రష్ బిగించి, పొరలుగా లేచిన తుప్పును రాల్చాలి. తర్వాత గరుకు ఎమరీతో ఒకసారి, కాస్త సన్నదానితో మరోసారి రుద్దాలి. పాత రంగు గట్టిగా ఉన్నచోట కూడా మెరుపు పోయేదాకా రుద్దాలి. నున్నటి దాని మీద కొత్త పూత పట్టదు.

ఎంత గీకినా గుంటల్లో కొద్దిగా తుప్పు మిగులుతుంది. దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ వాడాలి. అది తుప్పుతో కలిసి ఇనుప ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. ఢిల్లీలోని మెహరౌలీ ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా నిలిచి ఉండటానికి కూడా ఆ ఇనుములోని ఫాస్ఫరస్ వల్ల ఏర్పడిన ఇలాంటి పొరే కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. మందు పనిచేశాక డబ్బా మీద చెప్పిన ప్రకారం కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ఆమ్లం మిగిలితే పై రంగు పట్టు వదిలేస్తుంది.

ఏ పూత వేయాలి?

రెండు దారులున్నాయి. మొదటిది రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దానిపైన ఎనామిల్. ఖర్చు తక్కువ, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. కానీ పార తగిలినా, క్రేటు ఈడ్చినా గీతలు పడతాయి. ఏటా ఒక చేయి వేస్తూ ఉండాలి.

రెండోది రెండు డబ్బాల రంగు, అంటే ఎపాక్సీ ప్రైమరు. ఒక డబ్బాలో రంగు, ఇంకోదాంట్లో గట్టిపరిచే హార్డెనర్ ఉంటాయి. ఎపాక్సీకి పట్టు ఎక్కువ. అయితే ఎండకు సున్నంలా పొడి రాలుతుంది. అందుకే దాని మీద పాలియురెథేన్ పూత వేయాలి. అమెరికాలో పికప్ బండ్ల బాడీలకు 1980ల నుంచే ఈ జాతి మందపాటి పూతలను షెడ్డుల్లో కొట్టించుకుంటున్నారు. రోలరుతో వేసుకునే రకాలూ డబ్బాల్లో వస్తున్నాయి. సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి చోట్ల పెద్ద రంగుల దుకాణాల్లో అడిగి చూడవచ్చు.

ఒక హెచ్చరిక: పాత ఎనామిల్, రెడ్ ఆక్సైడ్ ఉన్నచోట రెండు డబ్బాల రంగు వేయొద్దు. కొత్తదాని ఘాటుకు పాతది ముడతలు పడి ఉబ్బుతుంది. పాతది పూర్తిగా తీసేయాలి, లేదంటే మొదటి దారిలోనే పోవాలి.

ఎంత రంగు కావాలి? ఎనిమిది అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు ఉన్న బాడీ అడుగు 44 చదరపు అడుగులు. అడుగున్నర ఎత్తు గోడలు, డాలా కలిపి మరో 40 చదరపు అడుగులు. మొత్తం సుమారు 85, అంటే 8 చదరపు మీటర్లు. లీటరు ఎన్ని మీటర్లకు వస్తుందో డబ్బా మీద ఉంటుంది. దాన్నిబట్టి రెండు పూతలకు లెక్క వేసి, కొంచెం ఎక్కువే కొనాలి.

అదను చూసి వేయాలి

విత్తనానికి ఉన్నట్టే రంగుకూ అదను ఉంది. వానాకాలం అసలు వద్దు. చలికాలం పొద్దున రేకు మీద కంటికి కనిపించని మంచు తడి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం రేకు కాలిపోతుంది, రంగు పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొద్దున తొమ్మిది తర్వాత, రేకుల షెడ్డు నీడన వేస్తే మేలు. వేపచెట్టు కిందైతే పూత మీద వేప పువ్వు రాలుతుంది. మళ్లీ మంచు దిగేలోపు రంగు ఆరేలా, మధ్యాహ్నం మూడింటికల్లా పని ముగించాలి.

రంగు, హార్డెనర్‌లను డబ్బా మీద రాసిన పాళ్లలో కొలిచి కలపాలి. కంటి అంచనా పనికిరాదు. ఎక్కువ హార్డెనర్ పోస్తే తొందరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. కలిపింది గంటో రెండు గంటలో మాత్రమే పనికొస్తుంది, ఎండల్లో అంత కూడా ఉండదు. కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోవాలి.

ముందుగా అతుకులు, మూలలు, బోల్టు తలలకు బ్రషుతో వేసి, తర్వాత రోలరు పట్టాలి. ఒకే మందపు పూతకన్నా రెండు పలచటి పూతలు నయం. మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా వేస్తే వదిలిన చోటు ఉండదు. రెండింటి మధ్య డబ్బా మీద చెప్పిన గడువు దాటితే మళ్లీ సన్న ఎమరీ పట్టాలి. పాల క్యాన్లు, సిమెంటు మోసేవారు మొదటి పూత పచ్చిగా ఉండగా జల్లించి ఆరబెట్టిన ఇసుక చల్లితే జారుడు ఉండదు. ఆకుకూరల బండికి నున్నగానే ఉంచాలి, ఊడ్చి కడగడం తేలిక.

నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం మూయొద్దు. ముందే కాగితం చుట్టి పెట్టి, పూత ఆరాక తీసేయాలి. లైట్లకు, నంబరుకు, రిఫ్లెక్టర్ టేపుకు రంగు అంటనివ్వకూడదు.

పూత ముట్టుకుంటే అంటకపోయినా లోపల పచ్చిగానే ఉంటుంది. వారం దాకా బరువు వేయొద్దు. వాసన పూర్తిగా పోయాకే కూరగాయలు ఎక్కించాలి.

గుర్తుంచుకోండి

* గ్రైండరు పట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. డీజిలు ట్యాంకు, గ్యాసు సిలిండరు ఉన్న వైపు నిప్పురవ్వలు పోనివ్వకండి.
* పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. తడిపి రుద్దండి. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.
* పాలియురెథేన్ హార్డెనర్ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. రుమాలు కడితే ఆగదు. ఆవిరిని ఆపే మాస్కు, చేతి తొడుగులు వాడండి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. స్ప్రే మిషనుతో ఇంటి దగ్గర కొట్టవద్దు.
* పని జరిగేచోట బీడీ, పొయ్యి వద్దు.
* మిగిలిన రంగు, థిన్నరు కాలువలోనో బావి పక్కనో పారబోయవద్దు.

పూత వేయడంతో పని అయిపోదు. ఎరువు దించిన రోజే బాడీ కడగాలి. నెలకోసారి మూలలు చూడాలి. గీత పడి ఇనుము కనిపిస్తే అప్పుడే రుద్ది కాస్త రంగు అద్దాలి. గోరుతో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దన్నది మన పెద్దల మాట. బొల్లారం మీదుగా రోజూ తిరిగే ట్రాలీలకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. చేలో పండించిన పంటను మార్కెట్టుకు చేర్చేది ఆ రేకే. దానికి ఏడాదికి రెండు రోజులు కేటాయిస్తే మళ్లీ రైతు చేతికే లాభం.